నీరెరుగని ఇంజనులో నీరెక్కడిది?

మార్గశిర, పుష్య మాసములలో తెల్లవారుజామున మన వీధులలో తరచుగా ఒక దృశ్యము కనబడును. ఇంటి యజమాని తన పాత మోటారుసైకిలును ముంగిటిలోనికి తెచ్చి నాలుగైదు కిక్కులు కొట్టును. ఇంజను దగ్గి, గొంతు సవరించుకొని, మెల్లగా మేలుకొనును. సైలెన్సరు చివరనుండి తెల్లని ఆవిరి వెలువడును. కొంచెము సేపటికి ఆ గొట్టపు అంచున ఒక చుక్క ఊరి, వ్రేలాడి, నేల రాలును. దాని వెనుక మరియొకటి. బండి కదలి వెళ్లునప్పటికి వాకిట ముగ్గుపై ఒక తడి మరక మిగులును.

ఈ మరకను చూచి బెంగపడువారు అనేకులు. తండ్రి నాటినుండి వచ్చిన బండి కావచ్చును, ఎంతో ఇష్టపడి వెదకి కొన్నది కావచ్చును. ఇరుగుపొరుగువారు తలకొక మాట అందురు. ఇంజనులోనికి నీరు దిగినదని ఒకరు, పెట్రోలులో నీళ్లు కలిపినారని ఇంకొకరు. మరమ్మతు చేయువానికి చూపించినచో, అతడు తెలిసినవాడైనచో నవ్వి ఊరుకొనును. తెలియనివాడో, అవసరముగలవాడో అయినచో, “హెడ్డు విప్పి చూడవలెనండీ” అనును. విప్పినచో అందులో నీరు కనబడదు. ఖర్చు మాత్రము కనబడును. బండి అమ్మజూపినవారికిని ఇదే చిక్కు. కొనవచ్చినవాడు ఆ చుక్కను వేలితో చూపి ధర తగ్గింపజూచును.

ఇక్కడ ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. మనము పాతకాలపు బండ్లు అని చెప్పుకొనువానిలో మన ప్రాంతమున అందరికిని ఎక్కువ పరిచితమైనది బుల్లెట్టు. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ నిర్మించిన ఈ యంత్రమును 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో తయారుచేయసాగినది. 70 మిల్లీమీటర్ల వెడల్పుగల సిలిండరులో పిస్టను 90 మిల్లీమీటర్ల మేర పైకి క్రిందికి నడచును. మొత్తము 346 ఘన సెంటీమీటర్లు. పాత బుల్లెట్టు సిలిండరు పోత ఇనుముతో చేసినది. దాని చుట్టును రెక్కలవలె పలుచని అంచులు కలవు. బండి పరుగెత్తునపుడు గాలి ఈ రెక్కల నడుమనుండి సాగి వేడిని తీసికొనిపోవును. కారులోవలె రేడియేటరు లేదు, నీటి పంపు లేదు, నీరు ప్రవహించు దారులు లేవు. చుక్క నీరైనను నిలువచేయని యంత్రమునుండి నీరు కారుచున్నదనిన, ఆ నీరు ఎక్కడిది?

ఆ నీరు బయటినుండి వచ్చినది కాదు. దాదాపు అంతయు ఆ సిలిండరులోనే, ఆ క్షణముననే పుట్టినది. పెట్రోలు మండుటవలననే అది పుట్టినది.

పెట్రోలు అనేక నూనెల మిశ్రమము. ఆ నూనెలన్నియు ముఖ్యముగా రెండు మూలపదార్థములతో కూడియున్నవి. ఒకటి కర్బనము, అనగా మనము బొగ్గుగా ఎరిగిన పదార్థము. రెండవది ఉదజని. ఇంజను పీల్చిన గాలిలోని ప్రాణవాయువుతో ఈ రెండును కలియుటయే మంట. కర్బనము ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువగును. ఉదజని ప్రాణవాయువుతో కలిసి నీరగును. మంట మిక్కిలి వేడిగా ఉండుటచేత ఆ నీరు ఆవిరి రూపముననే పుట్టి, మిగిలిన వాయువులతోపాటు సైలెన్సరు గుండా వెలికి పోవును.

ఉదజని అను పేరులోనే ఈ రహస్యము ఇమిడియున్నది. ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ అను శాస్త్రజ్ఞుడు ఈ వాయువును గాలిలో మండించినపుడు నీరు ఏర్పడునని పరీక్షించి, ఆ వివరములను 1784లో ప్రకటించెను. అంతవరకు నీరు విడదీయరాని మూలపదార్థమని లోకము నమ్మియుండెను. అది రెండు పదార్థముల కలయిక అని ఫ్రాన్సు దేశమున లవాజియే నిరూపించెను. నీటిని పుట్టించునది అను అర్థము వచ్చునట్లు ఈ వాయువునకు 1787లో గ్రీకు మాటలతో నామకరణము జరిగినది. మన పండితులు ఆ అర్థమునే తీసికొని, ఉదకమును జనింపజేయునది గనుక ఉదజని అనిరి. సైలెన్సరు అంచున వ్రేలాడు చుక్క ఆ పేరునకు సాక్ష్యము.

లండను నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైఖేల్ ఫారడే పండితుడు బాలబాలికలకు ఉపన్యాసములిచ్చుచుండెడివాడు. 1860 డిసెంబరు, 1861 జనవరి నెలలలో ఆయన ఒక్క కొవ్వొత్తిని విషయముగా తీసికొని ప్రసంగించెను. మంచుగడ్డలును ఉప్పును నింపిన పాత్రను వెలుగుచున్న కొవ్వొత్తికి పైగా పట్టి, దాని అడుగున నీటి చుక్క చేరుటను చూపించెను. అది నిజముగా నీరే అని నిరూపించుటకు పొటాషియము అను లోహపు తునకను దానికి తాకించెను. నీరు తగిలినచో ఆ లోహము భగ్గున మండును. మైనము మండినను పెట్రోలు మండినను జరుగునది ఒక్కటే.

ఇంతదూరము పోనక్కరలేదు. వంట చేయువారందరును ప్రతిదినము ఈ ప్రయోగమును చూచుచునే యున్నారు. చన్నీళ్లు పోసిన గిన్నెను గ్యాసు పొయ్యిపై పెట్టగానే దాని అడుగున చెమట పట్టును. ఒక్కొక్కసారి చుక్కలై జారి పొయ్యిపై చిటపటలాడును. గిన్నెకు చిల్లి పడినదేమో అని ఎత్తి చూచినవారును కలరు. గిన్నె వేడెక్కగానే ఆ తడి మాయమగును. ఆ నీరు గిన్నెలోనిది కాదు, మంటలోనిది. వంటగ్యాసులో ఉదజని పాలు పెట్రోలులోకంటె ఎక్కువ. 14.2 కిలోగ్రాముల గ్యాసుగల ఒక సిలిండరు పూర్తిగా ఖాళీ అగునప్పటికి సుమారు 22 కిలోగ్రాముల నీరు ఆవిరియై మన వంటింటి గాలిలో కలియును.

పదునాలుగు కిలోల గ్యాసునుండి ఇరువదిరెండు కిలోల నీరా అని ఆశ్చర్యపడనక్కరలేదు. నీటి బరువులో తొమ్మిదింట ఎనిమిది పాళ్లు ప్రాణవాయువుదే. అది గాలినుండి వచ్చి చేరినది. ఉదజని వాటా తొమ్మిదింట ఒక పాలు మాత్రమే. పెట్రోలు విషయమున లెక్క ఇట్లుండును. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాముల బరువు తూగును. అది పూర్తిగా మండినచో పుట్టు నీరు రమారమి 900 గ్రాములు. అనగా లీటరు పెట్రోలునకు లీటరుకు కొంచెము తక్కువ నీరు. లీటరుకు 35 కిలోమీటర్లు నడచు బండి, కిలోమీటరు ఒక్కింటికి సుమారు 25 గ్రాముల నీటిని, ఐదు టీ చెంచాల నీటిని, వెనుక విడుచుచు పోవుచున్నది. మనకు కనబడు నాలుగు చుక్కలు ఆ మొత్తములో ఏపాటివి?

ఈ లెక్క కాగితముపై లెక్క మాత్రమే అనుకొనరాదు. ఒకప్పుడు దీనిపై ఆధారపడి మహానౌకలే ఆకాశమున తేలినవి. 1923లో తొలిసారి ఎగిరిన షెనాండోవా అను అమెరికా నౌకాదళపు ఆకాశనౌక హీలియము వాయువుతో నింపబడినది. ప్రయాణములో ఇంధనము ఖర్చగుకొలది నౌక తేలికై ఇంకను పైకి లేచును. క్రిందికి దిగవలెననిన హీలియమును కొంత విడిచివేయవలెను. ఆ రోజులలో హీలియము మిక్కిలి ఖరీదైనది, అరుదైనది. అందుచేత ఇంజనులనుండి వెలువడు వాయువులను చల్లబరచి, వానిలోని ఆవిరిని నీరుగా మార్చి, బరువు కొరకు తొట్లలో నిలువచేసిరి. 1931లో ఎగిరిన అక్రాన్, 1933లో ఎగిరిన మేకన్ అను నౌకలలోను ఈ ఏర్పాటే ఉండెను. కాలిన ఇంధనము బరువునకు సరిపడు నీరు ఆ ఇంజనుల పొగనుండియే లభించినది. మన సైలెన్సరు చలికాలపు ఉదయమున అనుకోకుండ చేయుచున్న పనిని ఆ ఇంజనీర్లు కోరి చేసిరి.

నీరు ఎల్లప్పుడును పుట్టుచున్నదనినచో, అది చల్లని వేళలలోనే, బండి బయలుదేరు సమయముననే, ఎందుకు కనబడవలెను? వేసవిలో మంచుముక్కలు వేసిన చల్లని నీటిని లోటాలోనికి వంచినచో లోటా వెలుపల చెమట పట్టుట మనమెరిగినదే. గాలిలోని కంటికి కనబడని ఆవిరి చల్లని లోహమునకు తగిలి నీరగుచున్నది. ఏ వేడివద్ద ఆవిరి ఇట్లు నీరుగా మారుటకు ప్రారంభించునో దానిని తుషార బిందువు అందురు. మామూలు గాలిలో ఆవిరి స్వల్పము గనుక దాని తుషార బిందువు చాల తక్కువ. సైలెన్సరులోని వాయువులలో మాత్రము ఎనిమిదింట ఒక పాలు ఆవిరియే. అందుచేత దాని తుషార బిందువు 50 నుండి 55 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉండును. ఇది మనము త్రాగు వేడి కాఫీకంటె కొంచెము తక్కువ వేడి. గొట్టపు లోపలి గోడ అంతకంటె చల్లగా ఉన్నంతసేపు దానిపై ఆవిరి నీరై చేరుచునే యుండును.

రాత్రియంతయు చలిలో నిలిచిన బండి సైలెన్సరు కొన్ని కిలోల బరువుగల ఇనుము. ఇంజను నడువగానే సిలిండరును అంటియున్న వంపు గొట్టము తొందరగా కాలును. అచ్చట నీరు నిలువజాలదు. ఆవిరి ముందుకు సాగి, ఇంకను చల్లగానున్న వెనుక భాగమున నీరగును. క్రమముగా వేడి వెనుకకు ప్రాకును. ఆవిరి నీరగునపుడు గ్రాము ఒక్కింటికి ఐదువందల కెలోరీలకు పైగా వేడిని విడుచును, ఇదియే గుప్తోష్ణము. ఈ వేడి కూడ గొట్టమును కాచుటకు తోడ్పడును. అన్నింటికంటె చివర వేడెక్కునది తోక భాగము గనుక, చుక్కలు అచ్చటనే రాలును. బండిని రోడ్డుపై నడిపినచో సాధారణముగా కొద్ది కిలోమీటర్లలో గొట్టమంతయు తుషార బిందువును దాటిపోవును. చేరిన నీరు మరల ఆవిరియై పోవును, చుక్కలు నిలిచిపోవును. నీరు పుట్టుట మాత్రము నిలువలేదు. అది కనబడుట నిలిచినది.

ప్రాంతమునుబట్టి, ఋతువునుబట్టి ఇది మారుచుండును. చలికాలమున వేడిమి సున్న డిగ్రీల దరిదాపులకు దిగు లంబసింగిలోను, చలికి పేరుపడిన ఆదిలాబాదులోను బండి చాలసేపు కారును. మే నెలలో రెంటచింతలలో మిట్టమధ్యాహ్నము ఎండలో నిలిచిన బండి గొట్టము అప్పటికే తుషార బిందువు చేరువలో ఉండును గనుక ఒక్క చుక్క కూడ రాలకపోవచ్చును. విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరపట్టణములలో ఇంకొక విశేషము కలదు. లీటరు పెట్రోలు మండుటకు సుమారు 9 ఘన మీటర్ల గాలి కావలెను. ఉక్కపోసెడి దినములలో ఆ గాలితో పాటు 200 గ్రాములకు పైగా తేమ కూడ ఇంజనులోనికి పోయి, మరల బయటికి వచ్చును. మంటలో పుట్టిన నీటికి ఇది అదనము.

గొట్టమునుండి వెలువడు తెల్లని ఆవిరి కూడ ఈ నీరే. చలిలో మన నోటినుండి వచ్చు ఆవిరివలె, బయటి చల్లని గాలి తగులగానే అది సన్నని తుంపరలై తెల్లగా కనబడును. నాలుగడుగులు పోవునప్పటికి గాలిలో కరగిపోవును. కరగక, నీలిరంగు కలిగి, వెనుకవచ్చువాని ముక్కునకు తగులునది వేరు. అది నూనె మండిన పొగ.

ఇంతమాత్రముచేత సైలెన్సరునుండి కారునదెల్ల నిర్దోషమని భావింపరాదు. చుక్కను చూచి గుర్తించుట నేర్చుకొనవలెను. దీనికి ఒక తెల్ల కాగితపు ముక్క చాలును. ఒక చుక్కను దానిపై పట్టి ఆరనిచ్చినచో, అది నీరైనపుడు మరక లేకుండనో, కొద్దిపాటి మసి నలుపుతోనో ఆరిపోవును. నూనె అయినచో కాగితము ఆ చోట అద్దమువలె పారదర్శకమై అట్లే నిలిచిపోవును. అప్పుడు పిస్టను రింగులో, వాల్వు గైడులో అరిగినవని శంకింపవచ్చును. పెట్రోలు అయినచో వాసనయే చెప్పును, క్షణములో ఆరిపోవును. పెట్రోలు గొట్టములోనికి వచ్చుచున్నదనిన కార్బురేటరు పొంగుచున్నదని అర్థము. ఇది అగ్నిప్రమాదమునకు దారి గనుక వెంటనే ఇంజనును ఆపి బాగుచేయింపవలెను.

నీటిచుక్క నల్లగా నున్నచో భయము వలదు. గొట్టములో పేరిన మసిని ఆ నీరు కడిగి తెచ్చుచున్నది. మసి మరీ చిక్కగా నున్నచో గాలికంటె పెట్రోలు పాలు ఎక్కువగా పోవుచున్నదేమో చూడవలెను. చోకు పూర్తిగా వెనుకకు రాకుండుట, గాలి వడపోత మూసికొనిపోవుట ఇందులకు సామాన్య కారణములు. మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లు, రాజ్‌దూత్ 175 వంటి రెండు స్ట్రోకుల యంత్రములలో పెట్రోలుతో నూనె కూడ కలిసి మండును. వాని చుక్క నల్లగా, జిడ్డుగా నుండుట సహజము. ఆ జిడ్డును చూచి బుల్లెట్టు యజమానివలె బెంగపడనక్కరలేదు.

నీటితో చల్లబడు కొత్తరకపు మోటారుసైకిళ్ల విషయము, కార్ల విషయము వేరు. వానిలో నిజముగనే నీరు నిలువయుండును. ఇంజను బాగుగా వేడెక్కిన పిదప కూడ తెల్లని ఆవిరి ఆగక వచ్చుచు, రేడియేటరులోని నీరు దినదినము తగ్గుచున్నచో, హెడ్డు గాస్కెటు చెడినదని అనుమానింపవలెను. గాలితో చల్లబడు పాత బండికి ఈ జబ్బు రానేరదు. దానిని చూచి ఎవరైన గాస్కెటు దెబ్బతిని నీరు కారుచున్నదన్నచో, ఆ మాట నమ్మదగినది కాదు.

ఇక ఈ నీరు చేయు హానిని గూర్చి చెప్పవలసియున్నది. అది రాలిపోయినంతకాలము మంచిదే. లోపల నిలిచినచో చెడ్డది. బొగ్గుపులుసు వాయువును, మంటలో పుట్టు నత్రజని భస్మములును అందులో కరగుటచేత ఆ నీరు కొంచెము పులుపెక్కి, అనగా ఆమ్లగుణము పొంది, ఇనుమును తినును. పెట్రోలులో సీసము కలిపిన కాలమున దానితోబాటు చేర్చెడి క్లోరిను, బ్రోమిను పదార్థములవలన ఈ నీరు ఇంకను తీక్ష్ణముగా నుండెడిది. మనదేశమున 2000వ సంవత్సరమున సీసపు పెట్రోలు అమ్మకము నిలిచిపోయినది. గంధకము పాలు కూడ 2020 ఏప్రిలు నుండి పది లక్షల పాళ్లకు పదిని మించరాదని నియమమేర్పడినది. నీటి తీక్ష్ణత తగ్గినదే గాని, తుప్పు పట్టించు గుణము పోలేదు. పైన క్రోమియపు పూత అద్దమువలె మెరయుచున్నను, లోపలినుండి తుప్పు తినివేసిన గొట్టములు అనేకములు. కొన్ని సైలెన్సర్ల అడుగున పల్లపు చోట సూదిమొనవంటి రంధ్రము ఉండును. అది నీరు పోవుటకు పెట్టినది. చిల్లి పడినదనుకొని దానిని మూయింపరాదు.

రెండవ హాని ఇంజను నూనెకు. పిస్టను రింగులను దాటి కొంత ఆవిరి క్రింది గదిలోనికి కూడ జారును. అక్కడ చల్లబడి నూనెతో కలిసి, చిలికిన మజ్జిగపై తేలు నురుగువంటి తెల్లని జిడ్డగును. నూనె మూతను విప్పి చూచినపుడు దాని అడుగున ఈ జిడ్డు కనబడినచో, బండిని పూర్తిగా వేడెక్కనీయకుండ నడుపుచున్నారని తెలిసికొనవలెను. నూనె బాగుగా కాగినచో అందులోని నీరు ఆవిరియై శ్వాసగొట్టముగుండా వెలికి పోవును. కాగనిచో నిలిచిపోయి, నూనెకుండవలసిన జారుడుగుణమును చెరచి, బేరింగులను పాడుచేయును.

ఈ రెండు హానులకును మూలమొక్కటే. పాత బండిని అపురూపముగా చూచుకొనువారు వారమునకొకసారి దానిని వాకిటనే నిలిపి, రెండు నిమిషములు ఇంజనును మ్రోగించి, పని అయినదని ఆపివేయుచుందురు. వారి ఉద్దేశము మంచిది, ఫలితము చెడ్డది. రెండు నిమిషములలో నీరు పుట్టుటకు వ్యవధి కలదు గాని, పోవుటకు వ్యవధి లేదు. వారమువారము ఇట్లు కొత్త నీరు వచ్చి పాత నీటితో చేరుచుండును. దీనికంటె ఆ బండిని కదపకుండ ఉంచుటయే మేలు. నడిపినచో పది పదునైదు కిలోమీటర్లు నడుపవలెను. గొట్టపు తోక చివరివరకు వేడెక్కి, నూనె కాగిన తరువాతనే ఆపవలెను. తక్కువగా తిరుగు బండికి, తిరిగిన దూరముతో నిమిత్తము లేకుండ, ఏటికొకసారి నూనె మార్చుట ఉత్తమము.

ఈనాటి పెట్రోలును గూర్చి కూడ ఒక మాట. ప్రస్తుతము మనదేశమున అమ్ముడగు పెట్రోలులో ఇథనాలు అను సారాయము నూటికి ఇరువది పాళ్ల వరకు కలిసియుండును. ఇథనాలు మంటలో ఆవిరి పాలు పెట్రోలు మంటలోకంటె ఎక్కువ గనుక, తుషార బిందువు కూడ కొంచెము హెచ్చును; చుక్కలు కొంచెము ఎక్కువగా కనబడవచ్చును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఇథనాలు తేమను పీల్చుకొను స్వభావము గలది. నెలల తరబడి నిలిచిన టాంకీలో నీరు ఒక హద్దును మించినచో, ఇథనాలును నీరును కలిసి వేరుపడి అడుగునకు చేరును. అట్టి బండి కిక్కునకు లొంగదు. లొంగినను నడుమ నడుమ ఆగిపోవును. పాతకాలపు రబ్బరు గొట్టములను, వాషర్లను కూడ ఇథనాలు మెత్తబరచగలదు గనుక వానిని అప్పుడప్పుడు పరీక్షింపవలెను.

చివరగా, నీటికంటె ఎక్కువగా తలచుకొనవలసిన విషయమొకటి మిగిలినది. సైలెన్సరునుండి వచ్చువానిలో నీరు కంటికి కనబడును, హాని తక్కువ. కంటికి కనబడనిది, వాసన లేనిది, ప్రాణము తీయగలది ఇంకొకటి ఆ గొట్టమునుండియే వచ్చును. అది కార్బను మోనాక్సైడు. ప్రాణవాయువు చాలక కర్బనము సగము మండినపుడు ఇది పుట్టును. చల్లని ఇంజనుకు చోకు వేసినపుడు పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ గనుక, ఈ వాయువు అప్పుడే మిక్కుటముగా వచ్చును. నీటి చుక్కలు రాలు సమయమును, ఈ విషవాయువు వెలువడు సమయమును ఒక్కటే. 2000 మార్చి నెలాఖరునకు ముందు తయారైన ద్విచక్రవాహనములకు, కాలుష్య పరీక్షలో ఈ వాయువు నూటికి నాలుగున్నర పాళ్ల వరకు అనుమతింపబడినది. అట్టి బండ్లలో సాధారణముగా దానిని శుభ్రపరచు సాధనముండదు.

మన పట్టణములలో దొంగల భయముచేత రాత్రివేళ మోటారుసైకిలును వరండాలోనో, నడవలోనో, హాలులోనో పెట్టుకొను ఇండ్లు చాల కలవు. చలికాలమున కిటికీలు మూసి, పిల్లలు లోపల నిద్రించుచుండగా, బండిని అక్కడనే కిక్కు కొట్టి వేడెక్కనిచ్చు అలవాటు కొందరికి కలదు. ఇది మహా ప్రమాదకరము. మన రక్తములోని ఎర్రని పదార్థము ప్రాణవాయువుతోకంటె ఈ వాయువుతో రెండువందల రెట్లకు పైగా గట్టిగా పెనవేసికొనును. తలనొప్పి, కన్ను తిరుగుట, వికారము, మగత దీని లక్షణములు. నిద్రలో ఉన్నవారికి ఆ లక్షణములును తెలియవు. బండిని చేతితో నెట్టి వాకిలి దాటించి, గొట్టమును ఇంటి గుమ్మమువైపు కాక వీధివైపు త్రిప్పి, అప్పుడే కిక్కు కొట్టవలెను. ఎవరికైన పై లక్షణములు కనబడినచో వెంటనే ఆరుబయటికి తీసికొనిపోయి, ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

కనుక రేపు ఉదయము గొట్టపు అంచున చుక్కను చూచినపుడు ఇంజనును విప్పింపనక్కరలేదు. వేలికి జిడ్డు లేకయు, పెట్రోలు వాసన లేకయు, బండి వేడెక్కగానే ఆగిపోవుచును ఉన్నచో, అది పెట్రోలు మండినదనుటకు గుర్తు. బండిని వీధిలోనికి తీసి, ఎక్కువసేపు నిలువబెట్టక, మొదట మెల్లగా, పిదప మామూలు వేగముతో నాలుగు మైళ్లు అధికముగనే తిప్పిరండు. ఆ చుక్క దానంతట అదే ఆరిపోవును.